హెల్మెట్ మీద కన్ను

వేళ్లు జారాయి.

ఒక్క క్షణం రెండు కాళ్లూ గాలిలో...

కుడిచెయ్యి ఇనుపకడ్డీని దొరకబుచ్చుకుంది. టవర్ మూలిగింది.

కింద నూటఎనభై అడుగులు. ఆ ఎత్తు నుంచి పడ్డవాడికి నేల తగిలేలోపు రెండో ఎక్కం నుంచి ఇరవయ్యో ఎక్కం దాకా అప్పజెప్పే టైముంటుందని టవర్ పనివాళ్లు నవ్వుకుంటారు.

నిన్నటి నుంచి ఎవరూ నవ్వడం లేదు.

నిన్న పడ్డది ఇతని బావమరిది.

ఇతణ్ని అందరూ ఉడత అంటారు. తొంభై కిలోల ఉడత. లారీ ఎక్కితే టైర్లు దణ్ణం పెడతాయి, టవర్ ఎక్కితే మాత్రం చప్పుడుండదు.

"ఏవండీ, జాగ్రత్త..." చెవిలో భార్య గొంతు. తమ్ముడి కోసం ఏడ్చి ఏడ్చి బొంగురుపోయింది. కింద వ్యానులో స్క్రీన్ ముందు కూర్చుంది. ఆమె ఉద్యోగమే అది. పక్కన ఇన్‌స్పెక్టర్. నిన్న తెగిన తాడు చూపించమని ఉడతను పైకి పంపింది అతనే.

ఉడత హెల్మెట్ మీద అగ్గిపెట్టెంత కెమెరా. తల ఎటు తిప్పితే స్క్రీన్ మీద అటే బొమ్మ.

వచ్చిన చిక్కల్లా అదే.

బావమరిది కెమెరా కోసం పోలీసులు కింద గడ్డిపరకలు కూడా లెక్కపెట్టారు. దొరకలేదు. అది కింద పడితేగా. హెల్మెట్ నుంచి ఊడి, యాంటెనా బిగించిన ఇనుప చట్రం కింద ఇరుక్కుంది. నిన్న ఉడత కళ్లారా చూశాడు. బావమరిది కెమెరా బొమ్మను కిందికి పంపేది కాదు, తనలోనే దాచుకునేది.

ఇప్పుడది అతని ఎడమ మోకాలికి మూరెడు దూరంలో ఉంది.

అందులో రెండు దృశ్యాలున్నాయి. ఉడత కంపెనీ రాగి కేబుల్ కోసి దాచుకోవడం ఒకటి. రేపు ఆఫీసులో చూపిస్తానన్నాడు బావమరిది. ఆ రేపు రాకుండా ఉడత అతని తాడు కోయడం రెండోది.

తీయాలి. దానివైపు చూడకుండా తీయాలి.

"తెగిన తాడు కనిపించిందా?" ఇన్‌స్పెక్టర్ గొంతు.

"ఇదిగో సార్. కొస చూడండి."

ముఖం తాడు వైపు. ఎడమచెయ్యి మాత్రం దొంగలా కిందికి...

"బొమ్మ భలే నిలకడగా ఉందే. మీ ఆయనకు గుండె లేదా అమ్మా?"

"కొత్త మోడల్ సార్," అంటోంది భార్య. "మొదట్లోవి ఇటుకంత ఉండేవి. మెడలు పట్టేసేవి. పావుగంటకే బ్యాటరీ అయిపోయేది. ఆ ఊగుడు బొమ్మ చూస్తే మాకు ఇక్కడ కడుపులో తిప్పేది. ఇది వణుకు మింగేస్తుంది సార్. మనిషి వణికినా తెలీదు."

మనిషి వణుకుతున్నాడు.

"మరి నిన్న ఈయన బ్యాటరీ సరిగ్గా ఆ టైముకే అయిపోయిందేం?"

ఉడత ఇంకా కిందికి చెయ్యి చాచాడు.

అందలేదు. నడుం హుక్ పట్టి లాగుతోంది. దాన్ని కడ్డీ నుంచి తీశాడు. కిందికి వేలాడే కొత్త తాడుకు తగిలించి, అదే ఊపులో కెమెరా పట్టుకుని గుంజాడు. అంతా గుడ్డిగానే.

గాలి ఈల వేసింది.

టక్.

కెమెరా చేతిలోకొచ్చింది. నడుం సంచిలోకి తోశాడు. లోపలంతా స్పానర్లు. సగం బయటికే ఉండిపోయింది. పసుపు పట్టీ తొడకు కొట్టుకుంటోంది. వదిలేస్తే తిన్నగా పోలీసుల నెత్తిన పడుతుంది.

"మబ్బు కమ్ముతోంది. దిగు," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

దిగాలంటే తాడు మీద బరువు వేసి వెనక్కి వాలాలి.

"ఏవండీ, హుక్ చూసుకున్నారా?"

ఉడత ఆగిపోయాడు.

రెండు చప్పుళ్లు రావాలి. హుక్ పడిన చప్పుడొకటి. కెమెరా ఊడిన చప్పుడొకటి.

వినిపించింది ఒకటే...

ఏది?

"చూసుకున్నా."

"లేదండీ. నాకు కనబడలేదు. ఒక్కసారి తల వంచండి."

హుక్ ఉన్నది సంచి పక్కనే. తల వంచితే పసుపు పట్టీతో సహా కెమెరా స్క్రీన్ నిండా పడుతుంది. హెల్మెట్‌కు చెయ్యి అడ్డం పెడితే? బొమ్మ పోయిన మరుక్షణం పైకి మనిషిని పంపుతానని ఇన్‌స్పెక్టర్ ముందే చెప్పాడు.

తడిమాడు. దళసరి గ్లవ్‌కు ఇనుము తగిలింది. హుక్కో, కడ్డీయో.

"ఇరవై ఏళ్ల నుంచి ఎక్కుతున్నానే. ఆ మాత్రం తెలీదా నాకు?"

"వాడు పోయాడు. ఇక నాకు మీరే ఉన్నారు. బతిమాలుతున్నానండీ... ఒక్కసారి."

"మెడ పట్టేసిందేమిటయ్యా?" ఇన్‌స్పెక్టర్ గొంతులో ఎగతాళి పోయింది. "హుక్ చూపించు."

తల వంచితే జైలు. ఖాయం.

వంచకపోతే... ఏమీ కాకపోవచ్చు. ఆ టక్కు హుక్‌దే అయ్యుండొచ్చు.

ఉడత గొంతు సవరించుకున్నాడు.

"నీ భయం పాడుగానూ. వచ్చేస్తున్నా, టీ తెప్పించు."

మబ్బు వైపే చూస్తూ కడ్డీ వదిలాడు. వెనక్కి వాలాడు.

నడుం దగ్గర బిగుసుకోవాల్సిన తాడు బిగుసుకోలేదు.

"ఏవండీ, ఇంకొంచెం వంచండి," చెవిలో భార్య. "ఇంకా ఆకాశమే కనిపిస్తోంది..."