మొగిలికి వేరే పళ్లెం

మొదటి షిఫ్టు సైరన్ ఇంకా మోగలేదు. గోదావరిఖనిలోని ఆ కార్మికుల కాలనీలో ఇంటింటి ముందూ బొగ్గుల పొయ్యిలు పొగ కక్కుతున్నాయి. అనసూర్య తన పొయ్యి ముట్టించి లోపలికి వచ్చేసరికి కోడలు రమ మామ కాలికి కట్టు విప్పుతోంది. మొగిలి కుర్చీలో కూర్చుని అటువైపు చూడకుండా గోడ మీది క్యాలెండర్ చూస్తున్నాడు.

బొటనవేలి పక్క వేలు నిన్నటికంటే నల్లబడింది.

"నెల దాటింది నువ్వు గా రవ్వ పెట్టబట్టి," అంది అనసూర్య. "పుండు మానలేదు సరిగదా, ఇంక పెరుగుతున్నది."

"దవాఖానల చెప్పినట్టే చేస్తున్న అత్తమ్మా. తీపి లేదు, తెల్లన్నం లేదు. షుగర్ ఎందుకు దిగుతలేదో నాకే సమజైతలేదు."

"టీవీల చూసిన వంట మనింట్ల తెస్తే గిట్లనే ఉంటది. మనిషిని ఎండబెడుతున్నవు."

రమ తల వంచుకుని కొత్త గుడ్డ చుట్టింది. మొగిలి బూటు తొడుక్కున్నాడు. కాలు లోపలికి పోయేటప్పుడు ఒక్కసారి పళ్లు బిగించాడు, అంతే. టిఫిన్ డబ్బా పట్టుకుని బాయికి బయలుదేరాడు. బొగ్గు గనిని అక్కడ అందరూ బాయి అనే అంటారు.

ఆ వంట రమ టీవీలో నేర్చుకున్నదే. సముద్రం అవతల ఎక్కడో గ్రీకు దేశం వాళ్లు తినేదట. ఒక పక్క దొడ్డు గోధుమ రవ్వ ఉడుకుతుంటే, వంకాయ, టమాట, ఉల్లిగడ్డ, క్యాప్సికం పెద్ద ముక్కలు కోసి, ఉప్పూ మిరియాలూ నూనే పట్టించి, ఇనుప జాలీ మీద కాల్చడం. వాళ్ల నూనె ఇక్కడ ఎవరు కొంటారు? రమ నువ్వుల నూనె వాడేది. రాక్షసి బొగ్గు పొగంతా పోయి నిప్పు ఎర్రబడేదాకా ఆగి, అప్పుడే జాలీ పెట్టేది. కాలిన ముక్కలు రవ్వలో కలిపి, పుదీన చల్లి నిమ్మకాయ పిండితే అయిపోయింది. పావుగంట పని. మామకు వేరే పళ్లెం, మిగిలినవాళ్లకు అన్నం.

అన్నం లేకపోతే అలిగి లేచిపోయే మనిషి ఆ పళ్లెం ముందు మారుమాట లేకుండా కూర్చోవడం అనసూర్యకు ఆశ్చర్యమే. రోగం మనిషిని మెత్తబరిచిందనుకుంది.

ఆ పొద్దున మొగిలి నిన్న విడిచిన డ్యూటీ అంగి ఉతకబోతే లోపలి జేబు చుట్టూ చీమలు బారులు కట్టాయి. బొగ్గు మసికి చీమలెందుకు వస్తాయి? జేబు తిరగేసింది. అడుగున నల్లగా, జిగటగా ఏదో అంటుకుని ఉంది. వేలితో గీకి నాలుకకు తాకించుకుంది.

బెల్లం.

బాయిలో దిగేవాళ్లందరూ బెల్లం ముక్క జేబులో వేసుకుపోతారు. గొంతులోని బొగ్గు దుమ్ము కడిగేస్తుందని వాళ్ల నమ్మకం. మొగిలి కూడా ఇన్నేళ్లూ తిన్నాడు. షుగర్ ఉందని తెలిసిన రోజే అనసూర్య ఇంట్లో బెల్లం డబ్బా కడిగి బోర్లించింది.

అప్పుడే రాత్రి షిఫ్టు దిగి సదయ్య వస్తున్నాడు. మొన్నటిదాకా మొగిలి గ్యాంగులోనే పనిచేసినవాడు. అనసూర్య తడి చేతులతోనే ఎదురు పోయింది.

"సదయ్యా, మా ఆయనకు బెల్లం ఎవరిస్తున్నరు?"

సదయ్య తల గోక్కున్నాడు. "అందరం ఇస్తున్నం వదినె. అడిగి మరీ తీసుకుంటడు. వద్దన్న, విన్లేదు. మెడికల్ బోర్డు దాకా షుగర్ దిగొద్దట."

"బోర్డేంది?"

"రోగంతోని పనికి రానని, అన్‌ఫిట్ కోసం అర్జీ పెట్టిండు గదా. నీకు చెప్పలేదా?"

అనసూర్య ఆ అంగి ఉతకలేదు.

సాయంత్రం రమ పళ్లెం తెచ్చి పెట్టేటప్పటికి కొడుకు వేణుమాధవ్ కూడా ఆటో నిలిపి వచ్చాడు. డిగ్రీ చదివి బస్టాండుకూ కాలనీకీ మధ్య షేరాటో తోలుతున్నాడు. అనసూర్య మసి అంగిని తెచ్చి పళ్లెం పక్కన పెట్టింది. జేబు తిరగేసే ఉంది.

మొగిలి చూశాడు. చెయ్యి ముద్ద మీదే ఆగిపోయింది.

"చెప్పు," అంది అనసూర్య. "పిల్లగాని ముందటనే చెప్పు."

"చెప్పేదేముంది? నేను రిటైరైతే నౌకరి నాతోనే పోతది. అన్‌ఫిట్ అయితే వానికొస్తది. ఆటో తోలి వాడెప్పుడు బాగుపడాలె?"

"కాలు తీసేస్తే?"

"తీసేస్తే తీసేస్తరు. ఇల్లు నిలబడుతది."

"గట్లనడానికి నీకు నోరెట్లొచ్చిందయ్యా?"

"గీ మాట నాది కాదే, నీదే." మొగిలి మొదటిసారి తలెత్తాడు. "మా గ్యాంగు కొమురెల్లి ఊపిరి పాడై అన్‌ఫిట్ అయిండు. కొడుక్కి ఆర్డర్ వచ్చిందని కాలనీ అంత లడ్డూలు పంచిన్రు. నువ్వు సగం తిని, సగం నా నోట్లె పెట్టి ఏమన్నవు? పోతే పోయింది ఊపిరి, ఇల్లు నిలబడ్డదన్నవు."

అనసూర్య గోడకు చేరగిలబడింది. ఆ లడ్డు రుచి కూడా గుర్తొచ్చింది. లడ్డూలు పంచిన కొమురెల్లి ఆ ఎండాకాలం దాటలేదు.

వేణుమాధవ్ తండ్రి ముందుకొచ్చి కూర్చున్నాడు. "బాపూ, ఆ ఆర్డర్ వస్తే చింపేస్త. పొద్దుగాల లేచి బూటు తొడిగినప్పుడల్ల నాకు నీ కాలే యాదికొస్తది. గా నౌకరి నేనెట్ల చెయ్యాలె?"

"కోపంల అంటున్నవు. రేపు నీకే తెలుస్తది."

అప్పటిదాకా తలుపు దగ్గర నిలబడ్డ రమ మెల్లగా అంది. "మామా, పొద్దున అత్తమ్మ నన్ను తిడుతుంటే నువ్వు బూటు తొడుక్కుంట కూసున్నవు. నా చెయ్యే మంచిది కాదనుకున్న నేను. రోజూ పడుకునేముందు అదే ఆలోచన, ఇయ్యాల ఏం తప్పు చేసిన్నో అని."

కాలు పోతే పోనీ అన్న మనిషి ఆ మాటకు తట్టుకోలేకపోయాడు. ఎంగిలి చేత్తోనే కళ్లు మూసుకున్నాడు. భుజాలు కదిలిపోతుంటే, "తప్పైంది బిడ్డా," అన్నాడు.

అనసూర్య లేచి అన్నం గిన్నె మీద మూత పెట్టింది. మిగిలిన రవ్వను మూడు పళ్లేల్లో సర్దింది. తలా నాలుగు ముద్దలైనా కాలేదు. రమ చెయ్యి పట్టి పక్కన కూర్చోబెట్టుకుంది.

"నా నోరు మంచిగ లేదు రమా. రేపటిసంది పొయ్యి కాడ నేను గూడ కూసుంట."

ఎవరికీ ముద్ద దిగలేదు. అయినా తిన్నారు.

మర్నాడు ఆస్పత్రిలో రెండు వేళ్లు తీసేశారు. ఇంకొంచెం ఆలస్యమైతే పాదమే పోయేదన్నాడు డాక్టరు. మొగిలి తన అర్జీ వాపసు తీసుకున్నాడు. కట్లు విప్పాక కంపెనీ అతనికి బాయి పైన, దిగేవాళ్లకు దీపాలిచ్చే లాంపు రూములో కూర్చునే పని ఇచ్చింది. వేణుమాధవ్ ఆటో తోలుతూనే ఉన్నాడు.

మళ్లీ డ్యూటీకి పోయే పొద్దున మొగిలి అంగి తొడుక్కుని అలవాటుగా లోపలి జేబు తడిమాడు. చెయ్యి లోపలికి పోలేదు.

"ఏందే, జేబు కుట్టేసినవా? తంబాకు యాడ పెట్టుకోవాలె?"

"చేతిల పట్టుకపో, తంబాకో బెల్లమో నలుగురు చూస్తరు," అంది అనసూర్య. అని, టిఫిన్ డబ్బా అందిస్తూ కళ్లు తుడుచుకుంది. డబ్బాలో రాత్రి తనే కాల్చిన వంకాయ ఉంది. ఒక పక్క కొంచెం మాడింది.