కొత్తమ్మాయి బ్యాగులో రెండు తాళాలు

హార్డ్ డ్రైవ్ పోయింది. ఒకటి కాదు, రెండు.

ఒకటి ఆఫీసు లాకర్లోంచి. రెండోది కింద పార్కింగ్‌లో ఉన్న కారు డిక్కీలోంచి. లాకర్ పగలలేదు. డిక్కీ మీద గీత కూడా పడలేదు. రెండూ తాళాలతోనే తెరిచారు. ఆ రెండు తాళాలూ నిన్ననే సమ్మర్ ఇంటర్న్‌షిప్‌లో చేరిన అమ్మాయి బ్యాగులో దొరికాయి.

"ఇంకేం కావాలి మేడమ్? కేసు అయిపోయినట్టే," అన్నాడు ఆ వీడియో ప్రొడక్షన్ కంపెనీ బాస్.

ఆ మాటకు ఎస్సైకి ఒళ్లు మండింది. తాను గడప దాటకముందే అయిపోయిన కేసులు సర్వీసులో చాలా చూసిందామె. వాటిలో సగం మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది.

"అమ్మాయి ఎక్కడ?"

"ప్యాంట్రీలో కూర్చోబెట్టాం."

ప్యాంట్రీ అంటే ఒక సింకు, ఒక కరెంటు పొయ్యి, ఒక ఫ్రిజ్. కిటికీ లేదు. ఎండాకాలం ఉక్కకు గోడలే చెమట పట్టేలా ఉన్నాయి. సింకుకీ ఫ్రిజ్‌కీ మధ్య నేల మీద కూర్చుంది అమ్మాయి. పందొమ్మిదేళ్లుంటాయి. ఫోన్ లాక్కున్నారు. ఎదురుగా ఒక పెద్దమనిషి నిలబడి ఎడాపెడా తిడుతున్నాడు.

"మీ నాన్నకి నేనేం సమాధానం చెప్పాలి? సినిమాలు తీయడం నేర్చుకుంటానని వచ్చి నేర్చుకున్నది ఇదా? ఇంక మా ఇంటి గుమ్మం తొక్కకు!"

"మీరెవరు?" అడిగింది ఎస్సై.

"దీని బాబాయిని. సెలవుల్లో మా ఇంట్లోనే ఉంటోంది. బాస్‌గారు ఫోన్ చేస్తే పరిగెత్తుకొచ్చాను."

"తనేం చెబుతోందో విన్నారా?"

"వినడానికేముంది మేడమ్, బ్యాగులోనే దొరికాయి కదా."

"అయితే కాసేపు నోరు మూసుకుని బయట నిలబడండి."

ఆయన నిలబడ్డాడు. ఎస్సై అమ్మాయి వైపు తిరిగింది.

"ఎప్పట్నుంచి ఇక్కడున్నావు?"

"తొమ్మిదిన్నర నుంచి."

ఇప్పుడు పన్నెండు కావస్తోంది. "నీళ్లయినా ఇచ్చారా?"

అమ్మాయి తల అడ్డంగా ఊపింది. ఎస్సై ఫ్రిజ్ తెరిచి సీసా తీసి ఇచ్చింది. నీళ్లు పళ్లు జివ్వుమనేంత చల్లగా ఉన్నాయి. అమ్మాయి సగం సీసా ఒక్క గుక్కలో తాగేసింది.

"ఏడుస్తుంటావనుకున్నాను."

"ఏడవను మేడమ్. నాకు కోపంగా ఉంది."

ఎస్సైకి ఆ జవాబు నచ్చింది.

నిన్నటి సంగతి అమ్మాయి టకటకా చెప్పింది. మధ్యాహ్నం రెండింటి నుంచి ఈ ఆఫీసు హాల్లోనే ఒక ఇంటర్వ్యూ తీశారు. ఫ్యాక్టరీలో మంటలు లేచినప్పుడు బయటి తలుపులకు తాళాలు వేసి ఉన్నాయని, అందుకే తన చెల్లెలు లోపలే కాలిపోయిందని ఒక కార్మికురాలు కెమెరా ముందు చెప్పింది. ఒక్కసారే చెబుతానంది. చెప్పి, ఎక్కడికి వెళ్తున్నదీ ఎవరికీ చెప్పకుండా సాయంత్రమే ఊరు విడిచి వెళ్లిపోయింది. మెమరీ కార్డులు అద్దెవి. ఫైళ్లు రెండు డ్రైవుల్లోకి ఎక్కించాక కార్డులు చెరిపేసి, కెమెరాతో పాటు షాపుకు తిప్పి పంపేశారు. రెండు కాపీలూ ఒకే చోట ఉండకూడదని ఒకటి లాకర్లో, ఒకటి కారు డిక్కీలో పెట్టారు.

అంటే ఆ చెల్లెలి చావుకు మిగిలిన సాక్ష్యం ఆ రెండు డ్రైవులే.

"లాకర్లో పెట్టింది ఎవరు?"

"నేనే. సార్ తాళమిచ్చారు. డ్రైవు లోపల పెట్టేసి, తాళం ఆయన టేబుల్ మీదే పెట్టాను."

"చివరిగా ఆఫీసులో ఉన్నది?"

"సారే. వైర్లు చుట్టగానే నన్ను పంపేశారు."

"మరి బ్యాగులోకి తాళాలెలా వచ్చాయి?"

"పొద్దున రాగానే బ్యాగు ర్యాక్‌లో పెట్టాను. టీ తెమ్మంటే కిందికెళ్లాను. పైకొచ్చేసరికి అందరి ముందూ నా బ్యాగు నేల మీద బోర్లించి ఉంది."

బాస్ తన ఏసీ క్యాబిన్‌లో మరోలా చెప్పాడు.

"నేను ఆరుంబావుకే వెళ్లిపోయాను మేడమ్. ఆఖర్న ఉన్నది ఆ పిల్లే."

"సీసీ కెమెరా?"

"పాడైంది. రిపేరు చేయించాలి."

కెమెరాలే కూడుపెట్టే ఆఫీసులో గుమ్మం దగ్గర కెమెరాకు మాత్రం కళ్లు పోయాయి. ఎస్సైకి నవ్వు రాలేదు.

"షూటింగ్ జరుగుతున్నంతసేపూ మీరు హాల్లోనే ఉన్నారా?"

"ఆ పనులు నాకు తెలియవండీ. లైట్లేంటో, మైకులేంటో. నాకు క్లయింట్లను చూసుకోవడానికే టైం చాలదు. ప్యాంట్రీ మొహం కూడా చూడను, కాఫీ టేబుల్ దగ్గరికే వస్తుంది."

"కారు ఎవరిది?"

"సౌండ్ రికార్డిస్ట్‌ది. తాళం ఎక్కడో పారేసి ఉంటాడు. ఆ పిల్ల కొట్టేసి ఉంటుంది. ఊళ్లనుంచి వచ్చేవాళ్లని నమ్మకూడదని నాకు ముందే తెలుసు."

మెత్తనివాళ్లను చూస్తే మొత్తబుద్ధి అని ఊరికే అనలేదు. ఎస్సై లేచి బయటికి వచ్చింది. అక్కడే ఉంటే ఏమనేదో ఆమెకే తెలియదు.

అప్పుడే సౌండ్ రికార్డిస్ట్, కెమెరామన్ ఆస్పత్రి నుంచి వచ్చారు. రికార్డిస్ట్‌ను అందరూ పాముచెవి అంటారు. పక్కింట్లో కుక్కర్ కూత కూడా ఆయనకు మైకు కంటే ముందే వినిపిస్తుందట. రాత్రంతా నిద్రలేక కళ్లు ఎర్రగా ఉన్నాయి, ముఖం మాత్రం వెలిగిపోతోంది.

"ఆడపిల్ల పుట్టింది మేడమ్."

"మంచిది. తల్లీబిడ్డా బాగున్నారా?"

"బాగున్నారు."

"నిన్న ఎన్నింటికి వెళ్లావు?"

"ఆరింటికి. డ్రైవులు ఎక్కడివక్కడ పెట్టేశాం. ఇంటినుంచి ఫోన్ రాగానే పరిగెత్తాను. వీడి బైక్ మీద."

"పొద్దున్నదాకా నేను ఆస్పత్రిలోనే ఉన్నాను," అన్నాడు కెమెరామన్. "నర్సుల్ని అడగండి, కాఫీలు మోసి మోసి చచ్చాను."

"కారుండగా బైక్ ఎందుకు?"

పాముచెవి బుర్ర గోక్కున్నాడు. "తాళం తీసే తీరిక ఎక్కడిది మేడమ్? ఫ్రిజ్‌లో ఉండిపోయింది."

"ఎక్కడా?"

"ఫ్రిజ్‌లో."

"వేళాకోళమా?"

"అయ్యో, కాదు. ఫ్రిజ్ గుర్రుమంటుంటే ఆ చప్పుడు మైకులో పడుతుంది. అందుకని షూటింగ్ అయ్యేదాకా ఆపేస్తాను. ఒకసారి ఎవరింట్లోనో ఆపి, మళ్లీ వేయడం మర్చిపోయాను. తెల్లారేసరికి పాలూ పెరుగూ అన్నీ పాడైపోయి వాళ్ల చేత నానా తిట్లూ తిన్నాను. అప్పట్నుంచీ ఆపగానే నా కారు తాళం లోపల పడేస్తాను. తాళం లేకుండా ఇంటికెళ్లలేను కదా! తాళం తీసిన చేత్తోనే స్విచ్ వేస్తాను."

"డిక్కీకి కూడా అదే తాళమా?"

"కారు లాక్ చేసి లేదు, లోపలి గుండీ నొక్కితే డిక్కీ తెరుచుకుంది. తాళం అక్కర్లేకుండా డ్రైవు పెట్టి, తలుపులు లోపలి గుండీలతో లాక్ చేసి మూసేశాను. మూశాక తాళముంటేనే తెరుచుకుంటుంది."

ఎస్సై తల తిప్పి ప్యాంట్రీ వైపు చూసింది.

"నిన్న వెళ్లేటప్పుడు ఫ్రిజ్ వేశావా?"

"వేసుంటే తాళం నా జేబులోనే ఉండేది కదా మేడమ్."

ఎస్సై లేచి ప్యాంట్రీలోకి వెళ్లింది. ఫ్రీజర్ తెరిచింది. ట్రేలో మంచు రాయిలా ఉంది. నేల పొడిగా ఉంది. పాలు విరగలేదు. పొద్దున ఎవరైనా ఫ్రిజ్ వేశారా అని ఒక్కొక్కరినీ అడిగింది. ఎవరూ ముట్టుకోలేదన్నారు. బాస్ అయితే విసుక్కున్నాడు. "దొంగతనం గురించి అడగండి మేడమ్, ఫ్రిజ్ గురించి కాదు."

ఆమె ఫ్రిజ్ చుట్టూ చూసింది. వైరు అలమారా వెనక్కి పోయింది. స్విచ్ కనిపించలేదు. పాముచెవిని పిలిచి చెవిలో ఒక ప్రశ్న అడిగింది. ఆయన ఆమె చెవిలోనే జవాబు చెప్పాడు. కానిస్టేబుల్‌ను పార్కింగ్‌లోకి పంపింది.

తర్వాత అందరినీ హాల్లో కూర్చోబెట్టింది.

"అమ్మాయి స్టేట్‌మెంట్ రికార్డు చేయాలి. ఇన్ని మైకులున్నాయి, నా ఫోన్ ఎందుకు? పాముచెవీ, నీ మైకు పెట్టు. ఫ్రిజ్ చప్పుడు పడుతోంది. కొత్తమ్మాయీ, వెళ్లి ఆపు."

అమ్మాయి లోపలికి వెళ్లింది. అలమారా కదిలిన చప్పుడు. "స్విచ్ ఎక్కడుందో తెలియడం లేదు మేడమ్!"

"వెతుకు."

పాముచెవి లేవబోతే ఎస్సై కళ్లతోనే కూర్చోబెట్టింది. బాబాయి సాయం వెళ్లి, ఉన్న స్విచ్‌లన్నీ నొక్కాడు. ప్యాంట్రీ లైటు ఆరింది, పొయ్యి ఆరింది. ఫ్రిజ్ మాత్రం నిక్షేపంగా గుర్రుమంటూనే ఉంది.

బాస్ కుర్చీలో రెండుసార్లు కదిలాడు. వాచీ చూసుకున్నాడు. "ఒక్క స్విచ్ ఆపడం చేతకాదు, వీళ్లు సినిమాలు తీస్తారట!" అంటూ విసురుగా లేచాడు. ప్యాంట్రీలోకి వెళ్లనే లేదు. వరండాలో గొడుగులు తగిలించిన పలక వెనక చెయ్యి పెట్టాడు. అక్కడ వరసగా పేర్లులేని ఆరు స్విచ్‌లున్నాయి. చూడకుండానే నాలుగోది నొక్కాడు.

గుర్రు ఆగిపోయింది.

పాముచెవి మెల్లగా తలెత్తి బాస్ వైపు చూశాడు.

"థాంక్స్," అంది ఎస్సై. "ప్యాంట్రీ మొహం కూడా చూడరన్నారు?"

"ఇది నా ఆఫీసు. ఏ స్విచ్ ఎక్కడుందో నాకు తెలియదా?"

"తెలియాలి. తప్పేం లేదు. నిన్న ఆరింటికి పాముచెవి వెళ్లేటప్పటికి ఈ ఫ్రిజ్ ఆగి ఉంది. కారు తాళం లోపలుంది. ఈ ఎండల్లో రాత్రంతా ఆగి ఉంటే ఇవాళ ఈ నేల చెరువయ్యేది. పొద్దున వేసి ఉంటే ట్రేలో మంచు ఇంకా నీళ్లుగానే ఉండేది. కానీ రాయిలా ఉంది. అంటే నిన్న సాయంత్రమే ఎవరో వేశారు. స్విచ్ ఎక్కడుందో తెలిసిన పాముచెవి, కెమెరామన్ ఇద్దరూ ఆస్పత్రిలో ఉన్నారు. ఈ అమ్మాయికి తెలియదని ఇప్పుడే మీరందరూ చూశారు."

"నటిస్తోంది!"

"సరే, నటనే అనుకుందాం. దొంగతనానికి వచ్చిన పిల్ల తాళం తీసుకుని పారిపోతుంది గానీ, కంపెనీ పాలు విరిగిపోతాయని ఫ్రిజ్ వేసి వెళ్తుందా? అలా వేసేది ఒక్కరే. తాళం తీస్తే స్విచ్ వేయడం చేతికి అలవాటైనవాళ్లు. వేశానని వాళ్లకే గుర్తుండదు."

పాముచెవి లేచి నిలబడ్డాడు.

"ఈయన నా దగ్గర ఐదేళ్లు మైకు పట్టుకున్నాడు మేడమ్. బాస్ కాకముందు. తాళం తీస్తే ఫ్రిజ్ వేయాలని నెత్తిమీద మొట్టి మరీ నేర్పింది నేనే. ఇంత పనికి ఒడిగడతాడని మాత్రం అనుకోలేదు."

"నిన్న మధ్యాహ్నం నుంచీ ఆ ఫ్యాక్టరీ యజమాని ఒకటే ఫోన్లు," అన్నాడు కెమెరామన్ పళ్లు నూరుతూ. "వాళ్ల యాడ్లన్నీ ఇకమీద మనకే అని ఈయన తెగ సంబరపడ్డాడు. ఎందుకో ఇప్పుడర్థమైంది."

బాస్ దొంగకు తేలు కుట్టినట్టు ఉండిపోయాడు.

"ఒక్క ఫ్రిజ్‌తో కోర్టు నమ్మదు. నాకు తెలుసు," అంది ఎస్సై. "అందుకే మీ టేబుల్ మీదున్న తాళమిచ్చి మీ కారు చూడమన్నాను. అమ్ముకునేవాడు సరుకు తగలబెట్టడు. బేరం తెగేదాకా దాచుకుంటాడు."

కానిస్టేబుల్ పైకి వచ్చాడు. స్పేర్ టైరు కింద గుడ్డలో చుట్టి ఉన్నాయట. రెండు డ్రైవులూ.

పాముచెవి వాటిని అందుకుని కంప్యూటర్‌కు తగిలించాడు. తెర మీద ఆ కార్మికురాలి ముఖం కనిపించింది. మాట మొదలవగానే ఆయన ఆపేశాడు. అది చాలు.

అందితే జుట్టు, అందకపోతే కాళ్లు. బాస్ గభాలున అమ్మాయి వైపు తిరిగాడు. "అమ్మా, నువ్వు నా చెల్లెలి లాంటిదానివి. ఏదో పొరపాటు..."

"మీ చెల్లెల్నీ ఇలాగే నేల మీద కూర్చోబెడతారా సార్?"

కానిస్టేబుల్ అతన్ని కిందికి తీసుకెళ్లాడు.

బాబాయి అమ్మాయి పక్కకు జరిగి మెల్లగా అన్నాడు. "పద తల్లీ. ఇంటికెళ్దాం. పిన్ని కంగారుపడుతూ ఉంటుంది."

"ఏ ఇంటికి బాబాయ్? పొద్దున గుమ్మం తొక్కద్దన్నావు, ఆ ఇంటికా?"

"కోపంలో ఏదో అన్నాన్లే. వదిలెయ్."

"తిట్టింది అందరి ముందూ. ఇప్పుడీ గుసగుసలెందుకు?"

ఆయన చుట్టూ చూశాడు. ఎస్సై కల్పించుకోలేదు. ఆయన ఎలా తప్పించుకుంటాడో చూడాలనిపించిందామెకు. ఆయన తప్పించుకోలేదు. గొంతు సవరించుకుని, హాలంతా వినబడేలా అన్నాడు.

"మా అమ్మాయి దొంగ కాదు. అసలేం జరిగిందని ఒక్క మాటా అడక్కుండా తిట్టాను. తప్పు నాది."

అమ్మాయి ముఖంలో కోపం తగ్గలేదు. తగ్గాలని ఎస్సైకి అనిపించలేదు కూడా.

"మేడమ్, ఆయన నా బ్యాగులో తాళాలు పెట్టినందుకు, నన్ను ఆ గదిలో కూర్చోబెట్టినందుకు కంప్లైంట్ ఇస్తాను."

కేసులెందుకనే మాట బాబాయి నోటిదాకా వచ్చింది. మింగేశాడు. "ఇవ్వమ్మా," అన్నాడు. "సాక్షి సంతకం నేను పెడతాను."

"పెడుదువు గానీ," అంది అమ్మాయి. "ముందు నేను చెప్పేది మొత్తం విను."