రెండో గొంతు

వంటింట్లో ఏదో ధబ్బున పడింది! ఆ వెంటే గిన్నె ఒకటి దొర్లుకుంటూ పోయి గోడకు తగిలి ఆగింది. “అత్తమ్మా...” అన్న పిలుపు నవనీత నాలుక చివరిదాకా వచ్చింది. కానీ పిలవలేదు. తల కూడా తిప్పలేదు. తిప్పితే ఎదురుగా కెమెరాతో పరీక్షకు కాపలా కాస్తున్న లాప్‌టాప్ ఊరుకోదు మరి! చూపు పక్కకు పోతే ఎర్రక్షరాలతో బెదిరిస్తుంది. గదిలో రెండో మనిషి గొంతు వినిపిస్తే రెండుసార్లు హెచ్చరించి, మూడోసారి పరీక్షనే మూసేస్తుంది. కుర్చీలోంచి లేస్తే ఆ హెచ్చరిక కూడా ఉండదు, అంతే సంగతులు! ఆన్‌లైన్ బి.కామ్‌లో ఆఖరి సెమిస్టరు... ఇక మిగిలింది ఈ పేపరు, దీని తరువాత ఇంకొక్కటి. ‘గిన్నె జారి ఉంటుందిలే, అత్తమ్మ ఉంది కదా’ అని మనసుకు సర్దిచెప్పుకొని నవనీత తరువాతి ప్రశ్నకు వెళ్లింది.

పరీక్ష ముగించి వంటింట్లోకి పరుగెత్తేసరికి సరోజనమ్మ గడప పక్కన ఒరిగిపోయి ఉంది. మూతి ఒక పక్కకు వంకరపోయింది. కుడి చెయ్యి ఒంటికింద నలిగిపోతున్నా తీసుకోవాలన్న స్పృహ లేదు. కళ్లు మాత్రం తెరిచే ఉన్నాయి. “అయిపోయిందా బిడ్డా?” అని అడుగుతున్నట్టు ఆ కళ్లు కోడలి ముఖంలోకే చూశాయి!

“అత్తమ్మా! ఏమైంది అత్తమ్మా! ఒక్కసారి పిలవకపోతివా... ఒక్క కేక వెయ్యకపోతివా...” నవనీత ఏడుపుకు ఇరుగుపొరుగంతా పోగైంది.

వరంగల్ కొత్తవాడలోని ఆ ఇంటికి నవనీత కోడలిగా రాకముందే మేనకోడలు. సరోజనమ్మ ఆమెకు స్వయానా మేనత్త. పెళ్లితో డిగ్రీ మధ్యలో ఆగిపోయిందని నవనీత ఏనాడూ ఎత్తిపొడవలేదు. అయినా ఆ పాపం తనదేనన్నట్టు సరోజనమ్మే కుమిలిపోయేది. కొడుకు మధుకేమో ఇంటి వెనక షెడ్డులో పవర్‌లూమే లోకం. చంటిపిల్ల కావ్యను వదిలి నవనీత రోజూ కాలేజీకి పోవడం అయ్యే పని కాదు. అందుకే ఇంట్లో కూర్చొనే డిగ్రీ చదువుకోవచ్చని తెలిసిననాడు ఆ అత్తగారి సంబరం ఇంతా అంతా కాదు!

“కాలేజే ఇంటికొస్తాంటే ఇంకేం గావాలె బిడ్డా! పిల్లను నేను జూసుకుంట. మగ్గం కండెలకు నూలు నేను సుడుత. నువ్వు జర సదువు మీద మనసు వెట్టు. మన ఇంట్ల ఒక్కరన్న డిగ్రీ పట్టా చేతవట్టాలె!”

కాలేజీ నిజంగానే ఇంటికి వచ్చింది. కానీ ఇల్లు ఇల్లులాగే ఉంది! పాఠం మంచి పట్టులో ఉండగా నెట్టు ఆగిపోయేది. నెట్టు ఉంటే పాప ఏడ్చేది. పాప పడుకుంటే మగ్గం మోతలో సారు మాట ముక్క వినిపించేది కాదు. తెర అవతల పాఠం చెప్పే ఆ మహానుభావుడికి ఇటువైపు నవనీత అనే మనిషి ఉందని కూడా తెలియదు! అయినా ఆ పిల్ల పట్టు వదల్లేదు. ఒక చెవిలో పాఠం, ఒక చెవిలో పొయ్యిమీది కుక్కరు... అలాగే సెమిస్టరు తరువాత సెమిస్టరు గట్టెక్కింది. పరీక్ష ఉన్ననాడు మధు మగ్గం బంద్ పెట్టేవాడు. పక్కింటి పద్మలత కావ్యను ఎత్తుకుపోయేది.

పోయినేడు మాత్రం ఘోరం జరిగిపోయింది. కోడలు పొద్దుటినుంచి ఏమీ తినకుండా కూర్చుందని మనసాగక, సరోజనమ్మ చాయ్ గ్లాసుతో గదిలోకి వచ్చేసింది. “జర గొంతు తడుపుకో బిడ్డా” అంది. నవనీత కళ్లతోనే వద్దు వద్దని వేడుకుంది. “ఏంది పలుకవు? సల్లారిపోతది, తాగు!” అంది. “ఏమైంది, కండ్ల నీళ్లేంది?” అని గాభరాపడింది. మూడు మాటలు... రెండింటికి హెచ్చరికలు, మూడోదానికి పరీక్షే మూతపడింది! పక్కన నిలబడి ఎవరో జవాబులు అందిస్తున్నారని రాసి, యూనివర్సిటీ వాళ్లు ఆ సెమిస్టరంతా రద్దు చేశారు. ఇంకొకసారి పరీక్ష ఇలా ఆగితే పేరే తీసేస్తామని, మళ్లీ చేరే అవకాశం కూడా ఉండదని తేల్చి చెప్పారు.

ఆ రోజు సరోజనమ్మ రెండు చెంపలూ వాయించుకుంది. “నా నోరు పడిపోను! నా నోటితోనే నీ సదువు ఆగమాయె గద బిడ్డా!” అని ఏడ్చిన ఏడుపు నవనీత చెవుల్లో ఇంకా అలాగే ఉంది.

దవాఖానలో డాక్టరు పక్షవాతమని చెప్పాడు. పడిన వెంటనే తీసుకొచ్చి ఉంటే మాటైనా దక్కేదేమో అన్నాడు. నూలు కోసం బజారుకు వెళ్లిన మధు అక్కడికే ఉరుకుతూ వచ్చాడు. తల్లిని చూసి గోడకు తల ఆనించాడు. తరువాత భార్యవైపు తిరిగాడు.

“నువ్వు ఇంట్లనే ఉంటివి గద నవనీతా. అమ్మ పడ్డ సప్పుడు నీకు వినవడలేదా?”

వినపడలేదంటే నమ్మేవాడే. ఆ ఒక్క అబద్ధంతో అప్పటికి గండం గడిచేది కూడా. కానీ ఆ అబద్ధం ఆడటానికి నవనీతకు నోరు రాలేదు.

“వినవడ్డది బావా... గిన్నె పడ్డదనుకున్న...”

“వినవడ్డా లేవలేదా!” అన్నాడు మధు. “మా అమ్మ కింద వడి కొట్టుకుంటాంటే... నువ్వు పరీక్ష రాస్తాన్నవా? నిన్ను కన్నబిడ్డ లెక్క జూసుకున్నది గదనే!”

అతడు అన్నదాంట్లో అబద్ధం ఏముంది! ఆనాటి నుంచి మధు ఆమెతో మాట్లాడటమే మానేశాడు. ఆ మౌనాన్ని నవనీత ఎలాగో మోసింది. కానీ ఇంకో ప్రశ్న ఆమెను కూర్చోనివ్వలేదు, పడుకోనివ్వలేదు. అత్తమ్మ ఆనాడు పిలవలేకపోయిందా... లేక పిలవలేదా? పడుతూనే మాట పడిపోయి ఉంటే అది దేవుడు చేసిన అన్యాయం. మాట ఉండి కూడా నోరు మూసుకొని ఉంటే...? అడుగుదామంటే ఇప్పుడు ఆ మనిషికి మాట ఎక్కడిది! మూలుగు తప్ప నోట మరో శబ్దం లేదు.

ఇంటికి తెచ్చాక, వేరే చోటు లేక సరోజనమ్మ మంచం ముందుగదిలోనే వేశారు. ఆ గదిలోనే మధ్యన దుప్పటి తెర కట్టి, ఇవతల ఆఖరి పేపరు కోసం లాప్‌టాప్. ముందుగా ఫొటో తీసి పంపిన గదిలోనే పరీక్ష రాయాలని నిబంధన. మంచం కదిలించవద్దని డాక్టరు ఆజ్ఞ. వాయిదా అడిగితే బదులిచ్చిన వాళ్లు లేరు.

“నేను రాయ అత్తమ్మా. నాకీ సదువొద్దు” అని నవనీత కాళ్లమీద పడింది. సరోజనమ్మ ఎడమచేత్తో మంచంపట్టె మీద కొట్టింది! లాప్‌టాప్ వైపు వేలు చూపించి మళ్లీ మళ్లీ కొట్టింది. పక్కన కూర్చోబోయిన కొడుకును కూడా, వాడి గొంతు ఎక్కడ వినపడుతుందోనని, బయటికి పొమ్మని చెయ్యి ఊపింది. మధు వెళ్లి అరుగు మీద కూర్చున్నాడు.

పరీక్ష మొదలైంది. సగం దాటిందో లేదో, దుప్పటి అవతల మూలుగు వినిపించింది. ఎర్రక్షరాలు వెలిగాయి... రెండో గొంతు, మొదటి హెచ్చరిక! నవనీత పళ్లు బిగబట్టి రాసింది. మళ్లీ మూలుగు... ఈసారి నొప్పితో, గట్టిగా. రెండో హెచ్చరిక! ఇంకొక్క శబ్దం వస్తే ఇన్నేళ్ల చదువు గంగలో కలిసినట్టే. మూడో మూలుగు రాలేదు. గది నిశ్శబ్దమైంది. పరీక్షకు కావలసింది ఆ నిశ్శబ్దమే! కానీ నవనీత రాయడం ఆపేసింది. అంత నొప్పి ఒక్కసారిగా ఎలా ఆగుతుంది? ఆనాడూ ఇలాగే కదా, గిన్నె దొర్లి ఆగాక ఇల్లంతా నిశ్శబ్దమైపోయింది!

ఆమె లేచింది. కుర్చీ వెనక్కి పడింది. దుప్పటి లాగి చూసింది.

అయ్యో... సరోజనమ్మ పనిచేసే ఆ ఒక్క చేత్తో చీర కొంగు నోట్లో కుక్కుకొంటోంది! ముఖం కమిలిపోయింది. కళ్లవెంట నీళ్లు ధారకట్టి చెవుల్లోకి కారుతున్నాయి. ఊపిరి అందక గుండెలు ఎగిరెగిరి పడుతున్నా, ఆ చెయ్యి మాత్రం ఇంకా కొంగును లోపలికే తోస్తోంది!

నవనీత కొంగు లాగి పారేసి అత్తను గుండెలకు హత్తుకుంది. “అత్తమ్మా... ఆనాడు గూడ గిట్లనే నోరు మూసుకున్నవా? పిలిస్తే నా పరీక్ష వోతదనే పిలవలేదా అత్తమ్మా!”

సరోజనమ్మ చూపు పక్కకు తిప్పుకుంది. ఇన్నాళ్ల ప్రశ్నకు జవాబు దొరికిపోయింది.

మరుక్షణమే ఆమెకు పరీక్ష గుర్తొచ్చింది. కోడలిని ఎడమచేత్తో తోసింది. పో, రాసుకో పో అన్నట్టు కోపంగా తోసింది. ఇంకేం రాస్తుంది! లాప్‌టాప్ తెర మీద ‘పరీక్ష రద్దయింది’ అన్న అక్షరాలు వచ్చేశాయి. మంచంలో ఉన్న మనిషికి అవి కనపడవు.

“అయిపోయింది అత్తమ్మా!” కళ్లు తుడుచుకొని నవనీత నవ్వింది. “అన్నీ రాసి, పంపిచ్చినంకనే లేచిన. ఇగ ఫికర్ లేదు.”

కుర్చీ పడిన చప్పుడుకు మధు లోపలికి వచ్చాడు. తెర మీది అక్షరాలు చదివాడు. కిందపడిన కుర్చీ చూశాడు. తడిసి ముద్దైన కొంగు చూశాడు. దవాఖాన నుంచి వచ్చాక మొదటిసారి భార్య ముఖంలోకి చూశాడు. ఆమె వద్దన్నట్టు తల ఊపింది... చెప్పొద్దు బావా, అమ్మకు చెప్పొద్దు!

మధు తల్లి పక్కన కూర్చొని ఆమె చెయ్యి పట్టుకున్నాడు. “మంచిగ రాసిందమ్మా. ఇప్పుడే జూసిన. మన ఇంట్ల డిగ్రీ అయిపోయింది.”

సరోజనమ్మ వంకరపోయిన మూతితోనే నవ్వింది. కొడుకు చేతిలోంచి చెయ్యి విడిపించుకొని వాకిలివైపు చూపించింది. పో... వాడకట్టంతా చెప్పిరా పో అని తొందరపెట్టింది. మధు ఇంకోసారి లాప్‌టాప్ వైపు చూశాడు. తరువాత లేచి చెప్పులు వేసుకున్నాడు.

“పద్మలతక్కా! మా నవనీత పాసయితాందక్కా... డిగ్రీ అయిపోయింది!” వీధిలోంచి అతని కేక వినిపించింది. “మరి మిఠాయేదిర మధూ!” అని పద్మలత నవ్వుతోంది. ఇంకెవరో శుభమన్నారు. లోపల సరోజనమ్మ కళ్లు మూసుకొని ఒక్కొక్క మాటా వింటోంది. నవనీత లాప్‌టాప్ మూసి, ఆమె మూతి తుడుస్తూ మంచం పక్కన కూర్చుంది.