మెడ - వండరాదు

ఫ్రిజ్‌లో మెడ లేదు.

చప్పుడు మళ్ళీ వంగి చూశాడు. పాల ప్యాకెట్ ఉంది. వేళ్ళున్నాయి. పుర్రె కూడా పదిలంగా ఉంది. మెడ మాత్రం లేదు. నిన్న సాయంత్రం కూరగాయల బజారంతా గాలించి, ఒక్కొక్కదాన్నీ చెవి దగ్గర పెట్టుకుని నొక్కి, అమ్మేవాడి చేత చీవాట్లు తిని మరీ తెచ్చిన మెడ అది.

కంగారు పడకండి. అది సినిమాలకు చప్పుళ్ళు చేసే స్టూడియో. తెరమీద మనిషి నడిస్తే ఆ అడుగుల చప్పుడు, తలుపు తీస్తే ఆ కిర్రు, అన్నీ షూటింగ్ అయ్యాక ఒక గదిలో మైకు ముందు విడిగా చేస్తారు. ఆ పని అతనిది. అందుకే అందరూ అతన్ని చప్పుడు అంటారు. అసలు పేరు కన్నతల్లికి తప్ప ఎవరికీ గుర్తు లేదు. దయ్యాల సినిమాల్లో వేళ్ళు విరగాలంటే క్యారెట్లు, పుర్రె పగలాలంటే పుచ్చకాయ, మెడ విరగాలంటే క్యాబేజీ. గట్టి క్యాబేజీని తడిగుడ్డలో చుట్టి రెండు చేతులతో మెలిపెడితే, విన్నవాడు తన మెడ తడుముకోవాల్సిందే.

ఇంతలో హాలు మూల నుంచి తాలింపు వాసన వచ్చింది. చప్పుడు ఒక్క అంగలో అక్కడికి వెళ్ళాడు. మూడు రోజుల కిందట మిక్సింగ్ పనికి చేరిన అమ్మాయి, టీ కాచుకునే స్టవ్ మీద బాణలి పెట్టి హాయిగా గరిటె తిప్పుతోంది.

"మెడ ఏదండీ?" అన్నాడు.

ఆమె అతన్ని పైనుంచి కిందికి చూసింది. "మీదా? ఉండాల్సిన చోటే ఉంది."

"నా మెడ కాదు! క్యాబేజీ!"

"అదా, ఇదిగో, బాణలిలో. ఫ్రిజ్‌లో కూరగాయలుంటే కూర కోసమే అనుకున్నాను. చీటీ అంటించొచ్చుగా!"

"ఆరేళ్ళుగా ఈ స్టూడియోలో ఎవరూ వంట చెయ్యలేదు!"

"ఓహో. అందుకేనా అందరి మొహాలూ ఇలా ఉన్నాయి?"

చప్పుడుకి ఒళ్ళు మండిపోయింది. పోనీ సారీ అంటుందేమో అని చూస్తే, ఒక ప్లేట్లో కాస్త కూర పెట్టి చేతికి అందించబోయింది. అతను పాము కనబడ్డట్టు రెండడుగులు వెనక్కి వేశాడు.

"నేను క్యాబేజీ తినను. క్యారెట్ తినను. ఏ కూరగాయా తినను."

"మరేం తింటారు?"

"రొట్టె, గుడ్డు."

"ఆరేళ్ళుగానా?" ఆమె నోరు తెరిచింది. "పాపం, మీ అమ్మగారు!"

అక్కడికి వాళ్ళ అమ్మ బాధ ఈమెకే తెలిసినట్టు! చప్పుడు విసవిసా వెళ్ళి కొత్త క్యాబేజీ తెచ్చాడు. లావు అక్షరాలతో చీటీ రాసి దానికి అంటించాడు. "మెడ. వండరాదు."

*

ఆమెతో తంటా అక్కడితో ఆగితే బాగుండేది. అసలు తంటా మిక్సింగ్ దగ్గర మొదలైంది.

మిక్సింగ్ అంటే మాటలు, పాటలు, చప్పుళ్ళు అన్నీ బొమ్మకు సరిగ్గా అతికేలా కలపడం. బొమ్మ చూడకుండా అది కుదరదు. ఆమె అంతకుముందు పిల్లల బొమ్మల సినిమాలకు పనిచేసింది. కుందేళ్ళు గెంతితే భలే కలిపేది. ఇక్కడ దయ్యం కనబడగానే చేతివేళ్ళ సందుల్లోంచి చూసేది. దయ్యం దగ్గరికొస్తే ఆ సందులు కూడా మూసేసేది.

"ఏవమ్మాయ్," అన్నాడు ఓనరు ఒక రోజు, కళ్ళజోడు తీసి బల్లమీద కొట్టి. "దయ్యం ముందు నడిచొచ్చింది, చప్పుడు వెనకాల తీరిగ్గా వచ్చింది. అర సెకను లేటు! దయ్యమేమన్నా చెప్పులు మర్చిపోయి వెనక్కెళ్ళిందా?"

"సరిచేస్తాను సార్."

"నాలుగోసారి చెప్తున్నావ్. ఇవాళ్టికి మూడో శుక్రవారం డైరెక్టర్ చూడటానికి వస్తాడు. ఆయన ముందు ఒక్క చప్పుడు లేటైనా మిక్సింగ్‌కి పాత ఆయన్నే పిలిచేస్తాను. నేనేం చెయ్యను చెప్పు?"

ఓనరు వెళ్ళిపోయాడు. చప్పుడు తన సామాన్లు సర్దుకుంటూ అంతా విన్నాడు. మంచి పనైంది, పీడా వదులుతుంది అనుకోవాలి కదా. అనుకోలేకపోయాడు. ఆమె కుర్చీలో అలాగే కూర్చుని చున్నీ కొస మెలేస్తోంది.

"ఇంట్లో ఉద్యోగం పర్మనెంట్ అని చెప్పేశాను," అంది అతని వైపు చూడకుండానే. "మా అమ్మ వీధంతా చెప్పేసింది."

"దయ్యాలంటే భయమని చేరేటప్పుడే తెలుసుగా?"

"అదంతా అబద్ధమేగా, అలవాటైపోతుందిలే అనుకున్నాను. చిన్నప్పుడు మా అన్నయ్య చూపించిన ఒక్క దయ్యం సినిమాకి నెల రోజులు లైటు వేసుకుని పడుకున్నాను. మీరు నవ్వితే నేను లేచి వెళ్ళిపోతాను."

నవ్వు వచ్చిన మాట నిజమే. దాన్ని మింగేసి, చప్పుడు ఆమెను తన గదిలోకి తీసుకెళ్ళాడు. ఎందుకు తీసుకెళ్తున్నాడో అతనికే తెలియలేదు, పైగా తనమీద తనకే చిరాకేసింది. తెరమీద దయ్యం సీను వేశాడు. ఆమె చేతులు మొహం మీదికి పోయాయి.

"చేతులు తియ్యండి. తెర చూడొద్దు, నన్ను చూడండి."

దయ్యం అడుగులంటే, తడి స్పాంజి మీద చప్పుడుగారి ఎడమ పాదం. దయ్యం రెక్కలంటే పాత రెయిన్‌కోటు. దయ్యం గుటకలు వేస్తుంటే, ఈయన రబ్బరు గ్లౌజులో సబ్బునీళ్ళు పోసి పిసుకుతున్నాడు. ఒంటికాలి మీద నిలబడి, నాలుక కొంచెం బయటపెట్టి, చెమటలు కక్కుతూ. ఆమె కిసుక్కున నవ్వింది. నవ్వుతూనే ఒకసారి తెరవైపు చూసి, చటుక్కున తల తిప్పుకుంది.

"రెండు సెకన్లు చూశారు," అన్నాడు.

"మూడు!"

"సరే, మూడు. రేపు పది చూడాలి."

"నేను చూస్తే మీరేం చేస్తారు? నేనొక్కదాన్నే కష్టపడాలా?" ఆమె లేచి నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఒక్కో సీనుకి ఒక్కో ముద్ద. నేను దయ్యాన్ని చూస్తాను, మీరు కూర తినండి."

"అదేం బేరమండీ!"

"ఇష్టం లేకపోతే మానెయ్యండి. పాత ఆయన వస్తాడు, మీతో చక్కగా రొట్టె, గుడ్డు తింటాడు."

పాత ఆయన సంగతి చప్పుడుకి బాగా తెలుసు. రోజంతా గురక. అది కూడా రికార్డింగ్‌లో పడేది. అతను పళ్ళు కొరుక్కుంటూ ఒప్పుకున్నాడు.

మర్నాడు ఆమె టిఫిన్ డబ్బా తెచ్చింది. సీను మొత్తం చూసింది. మధ్యలో రెండుసార్లు అరిచింది గానీ చూసింది. ఇక అతని వంతు. చెంచాడు క్యాబేజీ నోట్లో పెట్టుకుని నమిలాడో లేదో, చెవుల్లో కరకరమంది. ఆరేళ్ళుగా విరిచిన మెడలన్నీ ఒక్కసారి వినబడ్డాయి. పరుగెత్తుకెళ్ళి సింకులో ఉమ్మేశాడు.

"రుచి బాలేదా?" ఆమె చిన్నబుచ్చుకుంది.

"రుచి దాకా ఎక్కడండీ! చప్పుడు! నమిలితే అదే చప్పుడు!"

ఆమె నెత్తిమీద కొట్టుకుంది. "ఆరేళ్ళు! ఆరేళ్ళుగా ఇది ఒక్కరికైనా చెప్పారా?"

చెప్పలేదు. ఆ మాటకొస్తే అతనికే ఇప్పటిదాకా తెలియదు.

మర్నాటి డబ్బాలో క్యాబేజీ సన్నగా, దారాల్లా తరిగి, వెన్నలా అయ్యేదాకా మగ్గబెట్టి ఉంది. ఆమె తన హెడ్‌ఫోన్లు తీసి అతని చెవులకు పెట్టింది. మైకు అతని నోటి ముందుకు జరిపి, "నమలండి. వినండి," అంది.

నమిలాడు. ఏమీ వినబడలేదు. రెండో ముద్ద పెట్టుకున్నాడు. కమ్మగా, కొంచెం తియ్యగా ఉంది. క్యాబేజీకి ఒక రుచి ఉంటుందని అప్పుడు తెలిసింది. మూడో ముద్దకి డబ్బా తన వైపు లాక్కున్నాడు.

"అదేంటండీ, ఒక సీనుకి ఒక ముద్దే!"

"బాకీ సీన్లు రేపు చూద్దురుగాని."

ఆమె నవ్వుతూ హెడ్‌ఫోన్లు తీసుకుంటుంటే వేలు అతని చెవికి తగిలింది. ఆ సాయంత్రమంతా చప్పుడుకి ఆ చెవి తప్ప ఇంకేమీ గుర్తు లేదు. ఇదెక్కడి గోలరా బాబూ అని తనను తాను తిట్టుకున్నాడు.

*

డైరెక్టర్ వచ్చే ముందు రోజు వర్షం. క్లైమాక్స్ మెడ అప్పటికే రికార్డయిపోయింది. ఫ్రిజ్‌లో ఒక క్యాబేజీ మిగిలింది. ఇక దీనితో పనేముందని చప్పుడు దాన్ని చంకలో పెట్టుకుని ఇంటికి పట్టుకెళ్ళాడు.

వాళ్ళమ్మ ఆ క్యాబేజీని, దానిమీది చీటీని, కొడుకు మొహాన్ని వరసగా చూసింది.

"ఇది... వండమంటావా?"

"ఊఁ. సన్నగా తరుగు. మెత్తగా మగ్గాలి. చప్పుడు రాకూడదు."

"ఎవర్రా ఆ అమ్మాయి?"

"ఏ అమ్మాయి?"

"చాల్లే నటన! ఆరేళ్ళుగా నేను కాళ్ళావేళ్ళా పడి బతిమాలినా ముట్టనివాడివి, ఇవాళ క్యాబేజీ చంకనేసుకొచ్చి ఎలా వండాలో నాకే పాఠం చెప్తున్నావు. నేను పిచ్చిదాన్నా?" అమ్మ కత్తి తీసుకుంది. "ఆదివారం తీసుకురా. ఇంత బుద్ధి చెప్పిన పిల్లని నేను చూడాలి."

చప్పుడు రెండుసార్లు వడ్డించుకుని తిన్నాడు. అమ్మ కళ్ళు తుడుచుకుంది గానీ, ఉల్లిపాయలని బుకాయించింది.

శుక్రవారం డైరెక్టర్ సినిమా అంతా చూశాడు. ఒక్క చప్పుడు కూడా లేటు కాలేదు. ఆమె వేళ్ళు మీటల మీదే ఉన్నాయి, మొహం మీదికి రాలేదు. ఓనరు గడ్డం నిమురుకుంటున్నాడు. అంతా అయిపోయింది అనుకుంటుండగా డైరెక్టర్ చెయ్యెత్తాడు.

"ఆ మెడ నాకు నచ్చలేదు. ఇంకా నెమ్మదిగా, పీచు పీచుగా విరగాలి. ఇప్పుడే చేసి చూపించండి. ఐదింటికి నాకు రైలుంది."

"దానిదేముంది సార్," ఓనరు ఫ్రిజ్ తెరిచాడు. మూశాడు. మళ్ళీ తెరిచాడు. "ఏవయ్యా చప్పుడూ, మెడ ఏది?"

చప్పుడు నేలచూపులు చూశాడు. "తినేశానండీ."

"తినేశావా? నువ్వా? క్యాబేజీ?" ఓనరు గొంతు కీచుమంది. "మంచిరోజు చూసుకున్నావయ్యా! మెడ కుదరకపోతే డైరెక్టర్‌గారు మిక్సింగ్ ఎలా ఓకే చేస్తారు?"

అది నిజమే. మూడు వారాలు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఆ పిల్ల దయ్యాలను చూసింది. ఇప్పుడు తన తిండియావ వల్ల ఆమె ఉద్యోగం పోతే? చప్పుడు ఆమె కుర్చీ వైపు తిరిగాడు. కుర్చీ ఖాళీగా ఉంది. బయట వాన ఇంకా పడుతూనే ఉంది, గొడుగు మాత్రం అక్కడే ఉంది.

పావుగంటకు ఆమె వచ్చింది. జుట్టు మొహానికి అంటుకుపోయింది, చెప్పుల నిండా బురద. గుండెలకు హత్తుకుని ఒక క్యాబేజీ.

"ఏడింటిని చెవి దగ్గర పెట్టుకుని నొక్కాను," అంది రొప్పుతూ. "అమ్మేవాడు తిట్టాడు. ఇది పీచు పీచుగా పలుకుతోంది. వినండి."

విన్నాడు. ఆరేళ్ళలో ఇంత మంచి మెడ తను కూడా ఏరి తేలేదు.

అతను మైకు ముందు నిలబడ్డాడు. ఆమె అద్దం అవతల మీటల దగ్గర కూర్చుంది. తెరమీద దయ్యం వంగింది, రెండు చేతులు చాచింది. ఆమె రెప్ప వెయ్యలేదు. అతను మెలిపెట్టాడు. నెమ్మదిగా, పీచు పీచుగా మెడ విరిగింది. డైరెక్టర్ తన మెడ తడుముకుని, "ఓకే," అన్నాడు.

ఓనరు ఆయన్ని సాగనంపుతూ గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి, "అమ్మాయ్, సోమవారం కాగితాల మీద సంతకం పెట్టు," అన్నాడు.

గదిలో ఇద్దరే మిగిలారు. ఆమె చున్నీ పిండుకుంటోంది.

"తినేశారా!" అంది. "చీటీ మీరే అంటించారుగా, వండరాదని!"

"నేను వండలేదు. అమ్మ వండింది. మిమ్మల్ని ఆదివారం రమ్మంది."

"ఎందుకట?"

"నాకు మీరంటే ఇష్టమని ఆవిడ కనిపెట్టేసింది." చప్పుడు గొంతు సవరించుకున్నాడు. "నిజంగానే ఇష్టమండీ. చాలా ఇష్టం."

ఆమె చున్నీ వదిలేసి అతని వంక కోపంగా చూసింది. "దయ్యం చప్పుడు అర సెకను లేటైతే నా ఉద్యోగం పోయేది. మీరు రెండు వారాలు లేటు! రోజూ డబ్బా కట్టి తెస్తుంటే ఎందుకనుకున్నారు? ఒప్పందం కోసమా?"

"మరి కాదా?"

"హెడ్‌ఫోన్లు పెట్టిన రోజే నేను ఫిక్సయిపోయాను మహానుభావా!"

*

సినిమా విడుదల రోజు మ్యాటినీకి ముగ్గురూ వెళ్ళారు. నడుమ ఆమె, అటూ ఇటూ చప్పుడు, అమ్మ. క్లైమాక్స్ రాగానే అమ్మ కొంగు మొహానికి కప్పేసుకుంది. మెడ విరిగింది. హాలంతా కెవ్వుమంది.

"అయిపోయిందా?" అమ్మ కొంగు లోంచి అడిగింది.

"భయమెందుకమ్మా," చప్పుడు వంగి చెప్పాడు. "అది క్యాబేజీ."

"మనం తిన్నదేనా?"

"కాదు. అది నీ కోడలు వానలో తడుస్తూ ఏరి తెచ్చింది."

కోడలు అన్న మాట అతను పైకి అనడం అదే మొదటిసారి. ఆమె తెరమీద దయ్యాన్ని వదిలేసి అతని వైపు తిరిగింది. అమ్మ కొంగు తీసేసింది.

"ముందే చెప్పొచ్చుగా," అంది విసుగ్గా. "ఏదీ, మళ్ళీ వేస్తారేమో కనుక్కో. ఈసారి చూస్తాను."