గడ్డిలో గీత

మా మనవరాలు ఒకతని నలభై రోజుల కష్టాన్ని నాలుగు నిమిషాల్లో గొరిగేసింది. ఆ పాపమే ఇంత మేలు చేస్తుందని అప్పుడు నాకేం తెలుసు.

పార్కులో గడ్డి కోసే మిషను నడపడం దాని ఉద్యోగం. మా వంటింటి కిటికీకి ఎదురుగా పార్కు గుట్ట మొత్తం కనిపిస్తుంది. ఒక అబ్బాయి రోజూ పొద్దున్నే గుట్ట ఎక్కి, అదే దారిన దిగేవాడు. ఏదో పారేసుకుని వెతుక్కుంటున్నాడు కాబోలు అనుకునేదాన్ని.

ఆ రోజు మిషనుకు అడ్డంగా వచ్చి నిలబడ్డాడు.

“నా బొమ్మ చెరిపేశారు.”

“బొమ్మెక్కడుందండీ? గడ్డేగా.”

“గీత ఉండేది. నలభై రోజులు ఒకే దారిన నడిస్తే పడిన గీత. నడకే నా ఆర్ట్. నెల తిరిగేసరికి ఎగ్జిబిషన్‌కి ఫొటో పంపాలి.”

“బోర్డు పెట్టుకోవాల్సింది. మామూలు మనుషులు కాగితం మీద గీస్తారు మరి.”

అనడానికి అనేసింది గానీ, ఇంటికొచ్చి అన్నం కెలుకుతూ కూర్చుంది.

“అతని ముఖం చూసుంటే నీకూ ముద్ద దిగేది కాదు అమ్మమ్మా.”

“చెరిపినవాళ్ళే దిద్దాలి. నీకూ రెండు కాళ్ళున్నాయిగా,” అన్నాను.

మర్నాడు డ్యూటీకి ముందే వెళ్ళి, గుట్ట పైనుంచి దిగడం మొదలుపెట్టింది. అతను కిందనుంచి ఎక్కుతున్నాడు. సరిగ్గా మధ్యలో ఎదురుపడ్డారు.

“తప్పుకోండి,” అందట ఇది.

“తప్పుకుంటే గీత వంకరపోతుంది.”

“నేనూ దాని మీదే ఉన్నాను.”

చివరికి ఇద్దరూ తప్పుకున్నారు, చెరో పక్కకి. ఆ తర్వాత రోజూ అక్కడే. మొదట ముఖాలు తిప్పుకుని, తర్వాత నవ్వుకుని. ఒకనాడు వానలో అలాగే నిలబడి ఏం మాట్లాడుకున్నారో కిటికీకి వినపడలేదు. పొయ్యి మీద పాలు మాత్రం పొంగిపోయాయి.

నెల తిరిగింది. గుట్ట బాగా కనిపించేది మా వంటింట్లోంచే కదా, కెమెరాతో అతన్ని వెంటబెట్టుకొచ్చింది. అతను కిటికీలోంచి చూసి, కెమెరా దించేశాడు.

గీత తిన్నగా వచ్చి, నడుమ రెండుగా చీలి, బాదంగింజలా ఉబ్బి, మళ్ళీ కలిసింది. దాని మీదే నడిచేవాళ్ళకు అది కనిపించలేదు. నేను వారం ముందే చూశాను. చెప్తే సరిచేసేస్తారని నోరు మూసుకున్నాను.

“మళ్ళీ పాడుచేశాను,” అంది మనవరాలు.

అతను తల అడ్డంగా ఊపాడు. “పాడవలేదు. ఇన్నేళ్ళూ నా గీతలన్నీ తిన్నగానే వచ్చాయి, ఎదురొచ్చే మనిషి లేక.”

కెమెరా గట్టు మీద పెట్టి, మనవరాలి వైపు చూశాడు.

“రేపటి నుంచి ఎదురు రాకండి. నా పక్కన నడవండి,” అన్నాడు.

“గీత వెడల్పైపోతుందేమో.”

“అవనివ్వండి.” నా వైపు తిరిగాడు. “అమ్మమ్మగారూ, మీరేమంటారు?”

“ముందు ఫొటో తియ్యి నాయనా, వెలుతురు పోతోంది,” అన్నాను. కళ్ళు తుడుచుకోవడానికి నాక్కాస్త వ్యవధి కావాలి మరి.

గుట్ట మీద గడ్డి ఎప్పుడో కమ్మేసింది. ఫొటో మా గోడ మీద ఉంది. పొద్దున్నే పాలు పెట్టి, ఆ బాదంగింజ వైపు చూసి దండం పెట్టుకుంటాను. ఆ గడ్డికి, ఆ మిషనుకి, బోర్డు పెట్టడం మరిచిన మా మనవరాలి మొగుడికి.