మూడో నంబరు కంప్యూటరు, ఇరవై వేల గులాబీలు

"ఏమప్పా, మా నాయన మెయిలు దొంగిలించింది ఈడనే కదా?"

2004 ఫిబ్రవరి. హోసూరు బస్టాండు దగ్గర ఏడు కంప్యూటర్ల బ్రౌజింగ్ సెంటరు నడుపుతున్న గోకుల్‌తో ఓ అమ్మాయి అన్న మొదటి మాట ఇది. అయినా ప్రేమలో పడ్డాడు. కోపంలో ఆమె కళ్ళు అంత బాగుంటే అతని తప్పా?

మధుమితది బాగలూరు దారిలో గులాబీ తోట. వాలెంటైన్స్ డేకి సింగపూరుకు ఇరవై వేల పూలు పోవాలి. ఈ సెంటర్లోనే మెయిలు చూసుకునే వాళ్ళ నాయన రామకృష్ణప్ప మెయిల్లో ఎవడో దూరి, సింగపూరు వాళ్ళకు "ఈసారి పూలు లేవు" అని రాసి పారేశాడు.

"రెండు దినాలు టైమియ్యమ్మా. మా సెంటర్లో వైరస్సుంటే పట్టేస్తా."

"పట్టకపోతే?"

"సెంటరు మూసేస్తా." అనేశాక గోకుల్‌కు చెమటలు పట్టాయి.

నత్తనడక కనెక్షన్లో ఫ్రీగా దొరికిన వైరస్ స్కానర్లన్నీ దింపాడు. కొట్టిన కీలను చాటుగా రాసుకునే ప్రోగ్రాములను ఏరేవి కూడా వదల్లేదు. ఏడు కంప్యూటర్లూ కడిగిన గిన్నెల్లా తేలాయి. దొంగ మాత్రం లేడు.

మూడో రోజు మధుమితతో రామకృష్ణప్పే వచ్చాడు. ముప్పై ఏళ్ళు పూల మార్కెట్లో వేలం పాడిన గొంతు. గుమ్మంలోంచే కేక పెట్టాడు.

"గోకులప్పా, నా మెయిలు తెరువు! పాస్‌వర్డు మధుమిత ఎనబై మూడు!"

సెంటరంతా విన్నది. గోకుల్ అన్నానికి పోయే వేళ కౌంటర్లో కూర్చునే వాళ్ళమ్మ జయలక్ష్మమ్మ తల ఊపింది. "నువ్వు లేనప్పుడు దినమూ ఇట్లే అరుస్తాడు కదరా. నాకూ నోటికొచ్చేసింది."

గోకుల్ రిజిస్టరు లాగాడు. దొంగ మెయిలు పోయిన టైముకు మూడో నంబరులో కూర్చున్నది, ఆ ఆర్డరు మీద కన్నేసిన పూల దళారి ముత్తప్ప. సంతకం కూడా పెట్టాడు, మహానుభావుడు! అన్ని టూల్స్ దింపితే, దొంగను పట్టింది నలభై పేజీల నోటుబుక్కు.

మధుమిత వెంటనే సింగపూరుకు ఫోన్ చేసింది. ఆర్డరు నిలిచింది. ఆమె కొత్త పాస్‌వర్డు కొడుతుంటే గోకుల్ గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

"ఇటు చూడప్పా."

"చూడకూడదు."

"కొట్టేసినాను. ఇప్పుడు నన్ను చూడు."

చూశాడు. ఇంక వేరే పనేమీ తోచలేదు.

ఆ తర్వాత ఆమె రోజూ మెయిలు చూసుకోవడానికి వచ్చింది. అన్ని మెయిళ్ళు ఏ తోటకూ రావు. జూన్‌లో ఓ వాన సాయంత్రం రామకృష్ణప్ప తడుస్తూ వచ్చి, జన్మలో మొదటిసారి గొంతు తగ్గించి, గోకుల్ చెవిలో చెప్పాడు.

"మా మధును నీకే ఇస్తాను. ఎవరికీ చెప్పద్దు."

పాస్‌వర్డు చూడకూడదని గోడవైపు తిరిగిన గోకుల్ వీధిలోకి పరిగెత్తి అరిచాడు. "మధూ! మీ నాయన ఒప్పుకున్నాడు!"

స్కూటీ మీద గొడుగు పట్టుకుని కూర్చున్న మధుమిత, అచ్చం తండ్రి గొంతుతో, బస్టాండంతా వినేలా జవాబిచ్చింది.

"తెలుసప్పా! పంపించింది నేనే!"