కొండమ్మ చెట్లు లెక్కపెట్టే రోజు

చలికాలమంతా మా ఇంట్లో ఇనప పొయ్యి ఆరదు. ఆరితే నీళ్ళ కుండలు పగులుతాయి, నా మోకాళ్ళు పట్టేస్తాయి. ఏ కట్టె మండుతోందో చప్పుడు విని చెప్పేస్తాను నేను. దేవదారు చిటపటలాడి ఊరికే చల్లారిపోతుంది. గట్టి చేవున్న మిజునారా మాను అయితే ఒకసారి అంటుకుందంటే తెల్లారేదాకా దిగుల్లేదు. కాకపోతే కోసి, చీల్చి, చూరు కింద పేర్చి ఏడాది పాటు గాలికి వదిలెయ్యాలి. తొందరపడితే ఇల్లంతా పొగే.

మా ఆయన సదావో, ఆయన జతగాడు తొకుజి కలిసి వాగవతలి కొండవాలు కౌలుకి తీసుకుని కట్టెలు కోసేవాళ్ళు. ఊళ్ళో సగం పొయ్యిలు వాళ్ళ కట్టెలతోనే మండేవి. ఒకరోజు మధ్యాహ్నం పెద్ద మిజునారా ఒకటి మా ఆయన మీద పడింది.

"వాగు వైపు పడాల్సిన చెట్టు వదినా, గాలికి మెలితిరిగింది. అరిచాను. రంపం మిషను మోతలో వాడికి వినపళ్ళేదు," అని తొకుజి నా ముందు కూర్చుని ఏడ్చాడు. ఊరు నమ్మింది, నేనూ నమ్మాను. కొండవాలంతా వాడొక్కడి చేతికొచ్చింది. ఎంత మంచివాడో చూడండి, ఆ చెట్టునే ముక్కలు కోసి తెచ్చి మా చూరు కింద తనే పేర్చి వెళ్ళాడు.

ఏడాది తిరిగాక ఆ వరసలోంచి చెట్టు మొదట్లోని మొద్దు ఒకటి లాగి గొడ్డలి వేశాను. ఖంగుమంది. నిప్పురవ్వలు లేచాయి. బెరడులో మేకు దిగబడి ఉంది. దాని తల వంకర. నేనే ఇచ్చిన మేకు అది, అన్నం మూట తగిలించుకోవడానికి. మేకుకి ఎదురుగా ఉన్న బండ మీద కూర్చుని రోజూ తినేవాడు మా ఆయన.

చెట్టు ఎటు పడాలో అటువైపు ముందుగా నోరులా గాటు కోస్తారు. మా ఊళ్ళో అది తెలియని ఆడది లేదు. ఆ గాటు సరిగ్గా మేకు కింద ఉంది. వాగు వైపు కాదు, బండ వైపు. వీపు తిప్పి అన్నం తింటున్న మనిషి వైపు.

నా పొయ్యిలో నా చేత్తోనే దాన్ని బూడిద చేయిద్దామనుకున్నాడు వెధవ. నాకు ఏడుపు రాలేదు. ఒళ్ళంతా భగ్గుమంది.

ఆ నెల పన్నెండో తేదీ దాకా ఓపిక పట్టాను. ఏటా ఆ రోజు మా కొండమ్మ, ఈ కొండని ఏలే దేవత, తన చెట్లు లెక్కపెట్టుకుంటుంది. కొండలో మనిషి కనపడితే వాణ్ణీ చెట్టుగానే జమకట్టేస్తుంది, ఇక వాడు చెట్టే. అందుకే ఆ రోజు ఎవరూ వాగు దాటరు, రంపం ముట్టరు. పొద్దువాలే వేళ తొకుజిని మోచి బియ్యపు ముద్దలు తినడానికి పిలిచాను.

"ఏంటి వదినా, ఇవాళ నా మీద ఇంత దయ?" అని నవ్వుతూ పొయ్యి పక్కన చతికిలబడ్డాడు.

"తిను. మళ్ళీ ఎప్పుడు తింటావో ఏమో."

రెండో గిన్నె సాకే సారా పోసి, ఆ మొద్దు తెచ్చి వాడి ముందు పెట్టాను. వాడి చూపు మేకు మీద ఆగిపోయింది. నమలడం మానేశాడు.

"ఇది... ఇది ఇంకా పొయ్యిలో వెయ్యలేదా?"

"నీ నోటితో చెప్పాక వేస్తాను."

అప్పుడు వినిపించింది. కొండ మీద రంపం మిషను. రెండుసార్లు దగ్గి, మూడోసారి అందుకుంది. ఆ దగ్గు ఎవరి మిషనుదో మా ఇద్దరికీ తెలుసు. మా ఆయన మిషను నా గోడకే వేలాడుతోంది, పిడి మీద దుమ్ముతో సహా. చమురు వాసన గదంతా కమ్మింది.

తొకుజి లేచి వీధి తలుపు వైపు నడిచాడు. గొడ్డలి పట్టుకుని అడ్డంగా నిలబడ్డాను. "ఈ తలుపు నీక్కాదు. వెనక్కి పో. నీ జతగాడు పిలుస్తున్నాడు కదా."

"వదినా, ఇవాళ పన్నెండు..."

"తెలుసు."

గొడ్డలి చూసి వెనక తలుపు గుండా దిగాడు. గడియ పెట్టేశాను. కప్పు మీంచి జారిన మంచు ఇంటికి రెండు పక్కలా గోడలా పేరుకుపోయింది. వెనక నుంచి దారంటూ ఉంటే వాగు మీది దుంగ ఒక్కటే.

తలుపు బాదాడు. రంపం చప్పుడు వాలు దిగుతోంది...

"వదినా, తియ్యి. నీకు దణ్ణం పెడతాను."

"చెప్పు, తీస్తాను."

"నేనే... వాడు చూడకుండా నేనే పడగొట్టాను. వాలు కోసం. చెప్పాను కదా. తియ్యి."

తియ్యలేదు. గడియ మీద చెయ్యి పెట్టి నిలబడ్డాను, అంతే. చప్పుడు గుమ్మం దాకా వచ్చింది. వాడు పరిగెత్తిన అడుగులు... దుంగ కిర్రుమనడం... ఆ తర్వాత ఒక్కసారిగా అంతా ఆగిపోయింది.

తెల్లారి వెళ్ళి చూశాను. అడుగుజాడలు వాలు సగం దాకా ఉన్నాయి. అవి ఆగిన చోట ఒక మిజునారా నిలబడి ఉంది. నిన్నటిదాకా అక్కడ చెట్టు లేదు. కొమ్మల మీద మంచు కూడా లేదు. బెరడు మీద చెయ్యి వేస్తే గోరువెచ్చగా తగిలింది. తొకుజి పట్నం పారిపోయాడని ఊళ్ళో అనుకున్నారు. అనుకోనీ.

ఆ నెల తిరక్కముందే మా ఆయన మిషను దించి ఆ చెట్టుని పడగొట్టాను. కోశాను, చీల్చాను, పేర్చాను. మళ్ళీ చలి వచ్చేదాకా ఎండబెట్టాను, పొగొచ్చినా సరే అనుకున్నాను. ఈ చలికాలం ఒక్కో పేడూ పొయ్యిలో వేసి, ఎదురుగా కూర్చుని, పూర్తిగా కాలేదాకా చూశాను. నా కడుపు చల్లబడింది. నిజం చెబుతున్నాను.

ఒక్కటే నాకు తట్టలేదు. ఆ చెట్టు కొండమ్మ లెక్కలో ఎక్కింది. ఆవిడ చెట్టుని ఆవిడని అడక్కుండా కొట్టేశాను.

ఏడాది తిరిగి ఇవాళ మళ్ళీ ఆ పన్నెండు. పొద్దున వెనక తలుపు తెరిస్తే వాగు కనపళ్ళేదు. వాగు ఉండాల్సిన చోట చెట్లు. మధ్యాహ్నానికి చూరు కింద, కట్టెల వరసకి ఆనుకుని ఉన్నాయి. వీధి తలుపు తోశాను, బయట ఏదో అడ్డుంది. సందులోంచి బెరడు కనిపిస్తోంది. నేను కొండలో అడుగు పెట్టలేదు. కొండే నా ఇంటి దాకా వచ్చింది.

చెట్లు లెక్కపెట్టేటప్పుడు మా మగవాళ్ళు అరచేత్తో మానుని ఒకసారి తట్టి ముందుకి పోతారు. ఇందాకటినుంచీ బయట అదే చప్పుడు. తట్టడం... ఆగడం... మళ్ళీ తట్టడం. తొందరేమీ లేదు. తొకుజికి తలుపు తీసి ఉండాల్సిందని మాత్రం ఇప్పటికీ అనను.

ఇప్పుడే ఆవిడ చెయ్యి నా వీపు వెనకున్న గుంజని తట్టింది. కుర్చీలోంచి లేద్దామనుకున్నాను... పాదాలు నేలని వదలడం లేదు.